ఇంత నష్టపోయినా మా ఆయన ఆ పార్టీని వదలట్లేదు అక్కా

ఈసారి ఉత్తరం పల్నాడు వైపు ఒక ఊరి నుంచి వచ్చింది. రాసినామెకి ముప్పై తొమ్మిదేళ్ళు, ఇంట్లో మెషిన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. వాళ్ళాయన రెండెకరాల మిర్చి వేస్తాడు, చిన్న చిన్న కాంట్రాక్ట్ పనులు కూడా చేస్తాడు. చాలా పెద్ద ఉత్తరం, అందుకే కుదించి చెప్తున్నా.

వాళ్ళ మామగారి కాలం నుంచీ ఆ ఇల్లు ఒకే పార్టీ. హాల్లో దేవుడి పటాల పక్కనే లీడర్ ఫొటో ఉంటుంది. ప్రతి ఎలక్షన్‌కీ వాళ్ళాయనే బూత్ ఏజెంట్, పొద్దున్నే అయిదున్నరకి మాక్ పోల్ అంటే నాలుగింటికే లేచి స్నానం చేసి, ఓటర్ లిస్టు జిరాక్స్ చంకలో పెట్టుకుని పోతాడంట. ఆ పార్టీ అధికారంలో ఉన్నప్పుడు ఊళ్ళో సీసీ రోడ్డు ముక్క ఒకటి ఈయనకి ఇచ్చారు. ఆరు లక్షల పైచిలుకు పని. నూటికి రెండు రూపాయల వడ్డీకి కొంత తెచ్చాడు, ఈమె గాజులు, నానుతాడు బ్యాంకులో పెట్టి ఇంకొంత. రోడ్డు వేసాడు, బిల్లు రాలేదు. సొంత పార్టీ పవర్‌లో ఉండగానే ఏడాదిన్నర తిప్పారు, "పైకి పంపించాలి" అని మధ్యలో ఒకాయన కొంత తిన్నాడు కూడా. ఈలోగా గవర్నమెంట్ మారింది, అవతలి వాళ్ళు వచ్చి మొత్తానికే ఆపేసారు. గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి.

"అడిగితే ఏమంటాడో తెలుసా అక్కా, పైన ఉన్నాయనకి ఇదంతా తెలీదు, కింద వాళ్ళే నాశనం చేస్తున్నారు, ఆయన చెవిన పడితే ఒక్క ఫోన్‌తో అయిపోద్ది అంటాడు. ఆయన చెవిన ఎప్పుడు పడుద్ది అంటే కోప్పడతాడు."

దీనికి తోడు కొడుకు గొడవ. పిల్లాడికి పద్దెనిమిది నిండాయి, అన్నం తింటా తింటా "నా ఓటు నా ఇష్టం, వాళ్ళకి మాత్రం వెయ్యను" అన్నాడంట. "అయితే ఈ ఇంట్లో అన్నం తినమాక" అన్నాడు తండ్రి. నెల రోజుల నుంచి ఇద్దరికీ మాటల్లేవు, ఈమె మధ్యలో కబుర్లు మోస్తోంది. ఆఖర్లో మూడు ప్రశ్నలు అడిగింది: మా ఆయనకేమన్నా పిచ్చా? పిల్లాడికి ఏం చెప్పాలి? పంచాయతీ ఎలక్షన్లు వస్తాయి అంటున్నారు, నేను ఎవరికి వెయ్యాలి?

చెల్లీ, ముందు ఒక మాట. నువ్వు పార్టీ పేరు రాసావు, నేను తీసేసాను. ఇప్పుడు ఇది చదివే వాళ్ళలో సగం మంది "అవతలి పార్టీ వాళ్ళు ఇంతేలే" అనుకుంటారు, మిగతా సగం కూడా సరిగ్గా అదే అనుకుంటారు. నీకు కావాల్సిన జవాబులో సగం అక్కడే ఉంది.

మీ ఆయనకి పిచ్చేం లేదు. పిచ్చి అయితే మన రాష్ట్రంలో కోటి మందికి పైనే ఉండాలి. 2019లో తెలుగుదేశానికి 175 సీట్లలో 23 వచ్చాయి, ఇక ఆ పార్టీ పనైపోయింది అన్నారు అందరూ. రైతు రుణమాఫీలో నాలుగో విడత, అయిదో విడత డబ్బులు చాలామందికి పడకుండానే ఆ ఎలక్షన్లు వచ్చేసాయి, ఆ కోపం ఊళ్ళల్లో బాగానే ఉంది. అయినా ఆ పార్టీకి పడిన ఓట్లు 39 శాతం. తర్వాత 2024 చూడు. వైసీపీకి 11 సీట్లు. దశలవారీ మద్య నిషేధం అన్న మాట అమలు కాలేదు, వారంలో సీపీఎస్ (గవర్నమెంట్ ఉద్యోగుల కొత్త పెన్షన్ పద్ధతి) రద్దు అన్నది అయిదేళ్ళయినా కాలేదు, రోడ్ల గుంతల సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. అయినా వాళ్ళకి వచ్చిన ఓట్లు కూడా 39 శాతమే. అంటే టీవీల్లో తుడిచిపెట్టుకుపోయింది అని అరిచిన రోజు కూడా, ఓటేసిన ప్రతి పది మందిలో దాదాపు నలుగురు ఓడిపోయిన వాళ్ళ బటనే నొక్కి వచ్చారు. గవర్నమెంట్లు మారింది వీళ్ళ వల్ల కాదు, మిగతా వాళ్ళలో కొంతమంది అటూ ఇటూ జరగడం వల్లా, 2024లో అయితే మూడు పార్టీలు కలిసి పోటీ చెయ్యడం వల్లా.

మరి ఈ నలుగురు ఎందుకు కదలరు అంటే, చదువుకున్న వాళ్ళు చాలామంది "కులం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. కులం ఉంది, కాదనను, కానీ దాంతోనే అయిపోతే ఒకే కులంలో, ఒకే ఇంట్లో అన్నదమ్ములు రెండు జెండాలు ఎందుకు పట్టుకుంటారు? ఊళ్ళో పార్టీ అంటే మేనిఫెస్టో కాదు కదా చెల్లీ. రాత్రి పదకొండింటికి గొడవై స్టేషన్‌కి పిలిస్తే వెంట వచ్చే మనిషి. తాసిల్దారాఫీసులో పాస్ బుక్ ఆగిపోతే ఫోన్ చేసే మనిషి. పెన్షన్ లిస్టులో అత్తగారి పేరు ఎగిరిపోతే ఎవర్ని అడగాలో తెలిసిన మనిషి. 2014 తర్వాత జన్మభూమి కమిటీలు వచ్చినప్పుడు ఎవరికి ఏది ఇవ్వాలో పార్టీ వాళ్ళే తేలుస్తున్నారని ఆరోపణలు వచ్చాయి, 2019 ఆగస్టులో యాభై ఇళ్ళకి ఒక వాలంటీర్‌ని పెట్టినప్పుడు కూడా అదే మాట అవతలి వైపు నుంచి వినపడింది. నిజం ఎంతైనా, ఊళ్ళో జనానికి అర్థమైంది ఒక్కటే, ఏదో ఒక పార్టీ మనిషి మన వాడై ఉండకపోతే మనకి పని జరగదు. అలాంటప్పుడు "మీ పార్టీ ఫెయిలైంది, వదిలెయ్" అంటే, ఉన్న ఒక్క మనిషినీ వదులుకోమన్నట్టు ఉంటుంది వాళ్ళకి.

దాని మీద జ్ఞాపకం ఇంకొకటి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం తిన్న ఇంట్లో ఆ మాట ఇప్పటికీ నడుస్తుంది, అప్పటికి పుట్టని పిల్లలు కూడా చెప్తారు. ఇంకో ఇంట్లో 2007 తర్వాత ఆరోగ్యశ్రీలో తాతకి గుండె ఆపరేషన్ అయ్యుంటుంది, లేకపోతే ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆడపిల్ల ఇంజినీరింగ్ చదివుంటుంది, ఆ ఇంట్లో ఆ ఫొటో దిగదు. ఒకసారి నిజంగా ప్రాణం మీదకి వచ్చినప్పుడు అందిన సాయానికి, తర్వాత ఇరవై ఏళ్ళ తప్పులు సరిపోవు. నాకైతే ఇందులో తప్పు కనపడదు, కృతజ్ఞత మంచి గుణమే, కాకపోతే దాన్ని ఆ మనిషి కొడుకులకీ అల్లుళ్ళకీ, ఆ పార్టీలో నిన్న చేరిన కాంట్రాక్టర్లకీ కూడా రాసిచ్చేస్తున్నాం, అక్కడ వస్తుంది చిక్కు.

"పైన ఉన్నాయనకి తెలీదు" అన్న మాట గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ మాట మీ ఆయన ఒక్కడే అనట్లేదు, నేను రెండు పార్టీల ఇళ్ళలోనూ అక్షరం తేడా లేకుండా విన్నాను. తప్పంతా ఎమ్మెల్యేది, ఎమ్మెల్యే పీఏది, మండలం నాయకుడిది, ఆఫీసర్లది. ఆయన మాత్రం మంచోడు. ఈ మాట అనుకోకపోతే ఏమవుతుంది ఆలోచించు. తండ్రి పెట్టిన ఫొటో తప్పు, పాతికేళ్ళు బూత్‌లో కూర్చున్నది దండగ, నీ గాజులు పెట్టింది ఎవరో తెలియని వాళ్ళ కోసం అని ఒకే రోజున ఒప్పుకోవాలి. నడి వయసులో, అప్పులో ఉన్న మగాడు, అదీ పెళ్ళాం పిల్లాడి ముందు ఒప్పుకుంటాడా?

ఇప్పుడు మీ ఇంటి సంగతికి వద్దాం. మీ ఆయన పార్టీని పట్టుకున్నాడని నువ్వు రాసావు, నాకేమో ఆ బిల్లు ఆయన్ని పట్టుకుంది అనిపిస్తోంది. రేపు ఆయన కండువా తీసేస్తే ఇక ఆ ఆరు లక్షల గురించి అడగడానికి మొహం ఉండదు. పార్టీలో ఉన్నంతకాలం "మనోళ్ళు వస్తే" అన్న ఆశ ఒకటి ఉంటుంది. నువ్వేమో బిల్లు రాలేదు కాబట్టి వదిలెయ్ అంటున్నావు, ఆయనకి బిల్లు రాలేదు కాబట్టే వదలడానికి లేదు. మీ ఇద్దరి వాదన ఇన్నేళ్ళుగా తెగకపోవడానికి అదే కారణం అనుకుంటా. కాబట్టి ముందు బిల్లుని పార్టీ నుంచి విడదియ్యి. ఆ తర్వాత ఆయనకి ఎంత అభిమానం మిగులుతుందో మిగలనీ.

ఎలా అంటే, కాగితం. ఎం-బుక్‌లో, అంటే చేసిన పని కొలతలు రాసే పుస్తకంలో, ఆ పని రికార్డు అయ్యిందా, ఎంతకి అయ్యింది, బిల్లు సీఎఫ్ఎంఎస్‌లోకి (గవర్నమెంట్ బిల్లులు చెల్లించే ఆన్‌లైన్ సిస్టమ్) ఎక్కిందా, ఎక్కితే ఎక్కడ ఆగింది, ఇవి రాతపూర్వకంగా కావాలి. నోటి మాటగా ఏఈ (ఇంజినీర్) గారు చెప్పింది పనికిరాదు. సమాచార హక్కు (ఆర్టీఐ) కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ జవాబు పట్టుకుని ఒక లాయర్ని కలవండి, గుంటూరులోనో నరసరావుపేటలోనో, ఎక్కడైనా సరే, పార్టీ లీగల్ సెల్ వాళ్ళు కాకుండా. 2021లో ఉపాధి హామీ పనుల పెండింగ్ బిల్లుల మీద మన హైకోర్టు వడ్డీతో సహా కట్టమని ఆర్డర్ ఇచ్చింది, అంటే ఇది జరగని పని కాదు. మీది ఏ స్కీమ్ కింద చేసిన రోడ్డో ముందు చూసుకోవాలి, ఎందుకంటే అన్నిటికీ ఒకే దారి ఉండదు. ఇంకోటి, డబ్బు రావాల్సిన కేసులకి మామూలుగా మూడేళ్ళ గడువు ఉంటుంది, మీకు అది దాటిపోయిందా, మధ్యలో ఆఫీసు వాళ్ళు బాకీ ఉన్నట్టు ఏమన్నా రాసిచ్చారా అన్నది లాయర్ని మొదటి రోజే అడుగు. దీని వల్ల వచ్చే ఇబ్బంది కూడా చెప్తా, దరఖాస్తు పెట్టిన వారంలో ఊళ్ళో తెలిసిపోతుంది, "కేసులదాకా ఎందుకు, మనం చూసుకుంటాంగా" అని ఎవరో ఒకరు ఇంటికి వస్తారు. ఇన్నేళ్ళు చూసుకున్నది చాలు అని చెప్పే ధైర్యం మీ ఆయనకి ఉండాలి. లేదంటే దరఖాస్తు నీ పేరు మీద పెట్టు, ఎవరైనా పెట్టొచ్చు.

ఆయన పార్టీ వదలాలా అన్నదానికి నేను అవును, కాదు అని చెప్పను. దారులు ఇవి. కండువా మార్చి అవతలి పార్టీలోకి పోవచ్చు. ఎమ్మెల్యేలకి అది బాగానే కలిసొస్తుంది, 2014కీ 2019కీ మధ్య 23 మంది వైసీపీ ఎమ్మెల్యేలు అధికార పార్టీలోకి వెళ్ళారు, అందులో నలుగురు మంత్రులు కూడా అయ్యారు, ఎవరి పదవీ పోలేదు. బూత్ ఏజెంట్‌కి ఆ లెక్క వర్తించదు చెల్లీ. అవతల కొత్తవాడు, ఇవతల ద్రోహి. మీ వైపు 2024 పోలింగ్ రోజునా ఆ తర్వాతా ఎలాంటి గొడవలు అయ్యాయో నువ్వు కళ్ళారా చూసే ఉంటావు, కాబట్టి ఈ దారి మాత్రం ఆవేశంలో ఎంచుకోవద్దు. రెండోది, ఏ గోలా లేకుండా పక్కకి జరగడం, అంటే ఓటు వేస్తాడు, ఏజెంట్‌గా కూర్చోడు, చందాలు ఇవ్వడు, జన సమీకరణకి ఆటో మాట్లాడడు. ఒంట్లో బాలేదు అంటే ఒక ఎలక్షన్ గడుస్తుంది. నష్టం ఏంటంటే ఆయనకి ఊళ్ళో ఉన్న కాస్త పలుకుబడి తగ్గుతుంది, ఆ పలుకుబడి ఆయనకి ఎంత ముఖ్యమో నువ్వు తక్కువ అంచనా వెయ్యకు. మూడోది, ఉంటూనే అడగడం. మండలం మీటింగ్‌లో లేచి "నా బిల్లు సంగతి తేల్చాకే ఈసారి ఏజెంట్ ఫారం మీద సంతకం పెడతా" అనడం. ఏ పార్టీ అయినా కార్యకర్త దగ్గర భయపడేది దీనికే, ఎందుకంటే నాలుగింటికి లేచి పోయే మనిషి అంత తేలిగ్గా దొరకడు.

నాకు మూడోదే నచ్చుతుంది, దానికి కారణం ఉంది. ఎటూ పోరు అని తెలిసిన ఓటర్ల గురించి పార్టీలు నిద్ర చెడగొట్టుకోవు. డబ్బు, హామీ, ఇంటికి వచ్చి దండం పెట్టడం, ఇవన్నీ అటో ఇటో తేల్చుకోని వాళ్ళకే. మీ ఇంటి ఓట్లు లెక్కలో ఎప్పుడో రాసేసుకున్నారు, అందుకే బిల్లు గురించి తొందర లేదు. అంటే ఇంత నమ్మకంగా ఉండటమే మీ మాటకి విలువ తగ్గించింది. వెళ్ళిపోనక్కర్లేదు, వెళ్ళొచ్చేమో అని వాళ్ళకి అనిపిస్తే చాలు.

అసలు మన వాళ్ళు ఎప్పటికీ మారరు అని కూడా అనుకోకు. కాంగ్రెస్‌కి 2004లో ఉమ్మడి రాష్ట్రంలో 185 సీట్లు, 2009లో 156. విభజన తర్వాత 2014లో మన 13 జిల్లాల్లో సున్నా, ఓట్లు మూడు శాతం కూడా లేవు. తరాల తరబడి చెయ్యి గుర్తు తప్ప తెలియని ఇళ్ళు అవి. ఆ జనం ఒక్కొక్కరే కూర్చుని ఆలోచించి మారలేదు, వాళ్ళ ఊరి పెద్దమనుషులు, వాళ్ళ పనులు చేసి పెట్టే వాళ్ళు, వాళ్ళు అభిమానించిన కుటుంబం, అంతా కలిపి కొత్త జెండా కిందకి వెళ్తే వీళ్ళూ వెళ్ళారు, ఉమ్మడి కుటుంబం సామానుతో సహా ఇల్లు మారినట్టు. ఒంటరిగా బయటికి రమ్మంటే మాత్రం రారు. మీ ఆయన్ని నువ్వు అడుగుతున్నది ఒంటరిగా రమ్మని.

పిల్లాడి విషయం. వాడి మాటలో తప్పులేదు, చెప్పిన టైమే తప్పు, తండ్రి కంచం ముందు కూర్చున్నప్పుడు చెప్పాల్సింది కాదు. ఓటు రహస్యం అన్నది చట్టంలోనే ఉంది, కొడుకు ఎవరికి వేసాడో అడిగే హక్కు తండ్రికి లేదు, చెప్పాల్సిన అవసరం కొడుక్కి లేదు. ఆ విషయం తండ్రికి నువ్వు చెప్పకు, కొడుక్కి చెప్పు. "నీ ఇష్టం వచ్చినట్టు వెయ్, నాన్నతో వాదించకు" అను. వాడు దీన్ని పిరికితనం అనొచ్చు. అలా అంటే ఇంకో పని చెయ్, ఆ బిల్లు కాగితాలన్నీ వాడి చేతికి ఇచ్చి, ఆర్టీఐ దరఖాస్తు వాడి చేత రాయించు. తండ్రి పార్టీ మీద ఉపన్యాసం ఇచ్చే బదులు తండ్రి డబ్బు కోసం తిరగమను. ఇద్దరూ ఒకే కాగితం మీద వేలు పెట్టి మాట్లాడుకునే అవసరం వస్తే మాటలు వాటంతటవే కలుస్తాయి, నువ్వు కబుర్లు మోయక్కర్లేదు.

ఇక నువ్వు ఎవరికి వెయ్యాలి అన్నది. ఎవరికో నేను చెప్పను, కానీ నువ్వు ఉత్తరంలో సగం చెప్పి వదిలేసిన భయం ఒకటి ఉంది, "మా వార్డులో ఎన్ని పడ్డాయో తెలిసిపోద్ది కదా" అని. నీ ఒక్కదాని ఓటు ఎవరికీ తెలీదు. అసెంబ్లీకి అయితే వీవీప్యాట్ అద్దం వెనక చీటీ ఏడు సెకన్లు నీకు కనపడుతుంది, నీకు మాత్రమే. కానీ బూత్ మొత్తం లెక్క బయటికి వస్తుంది, అది నిజం. పద్నాలుగు బూత్‌ల మెషీన్లు కలిపి లెక్కపెట్టే టోటలైజర్ తెద్దామని ఎలక్షన్ కమిషన్ ఎప్పుడో అడిగింది, ఇంతవరకు రాలేదు. పంచాయతీలో అయితే ఇంకా చిన్న లెక్క, వార్డుకి కొన్ని వందల ఓట్లే, ఊళ్ళోనే అదే రోజు లెక్కపెడతారు. మీ వార్డులో నాలుగు తగ్గితే మీ ఆయన్ని అడుగుతారేమో, అడిగినా ఎవరివో చెప్పలేరు. ఇంకో సంగతి, సర్పంచ్ ఎలక్షన్లో పార్టీ గుర్తులు ఉండవు. కాగితం మీద అది పార్టీల ఎలక్షనే కాదు. కాబట్టి తాగునీళ్ళు ఎవరు తిన్నగా ఇప్పిస్తారు, డ్రైనేజీ ఎవరు తీయిస్తారు అని చూసి వేస్తే నువ్వు ఎవరికీ ద్రోహం చేసినట్టు కాదు, మీ మామగారు పెట్టిన ఫొటోకి కూడా.

ఒక్క విషయంలో మాత్రం నేను దారులు చెప్పను, గట్టిగానే చెప్తున్నా. ఇక మీదట పార్టీ పని అని చెప్పి ఇంట్లోంచి ఒక్క రూపాయి అప్పు పుట్టకూడదు, తాకట్టుకి ఇంకే వస్తువూ పోకూడదు. దీని మీద ఆయన అరిచినా సరే. ఫొటో హాల్లో ఉండనీ, ఏజెంట్‌గా కూర్చోనీ, ఆయన సరదా ఆయనది. గాజుల రసీదు మాత్రం నీ బీరువాలో పెట్టుకో, వడ్డీ ఎంతైందో బ్యాంకుకి వెళ్ళి రాయించుకో, వేలం నోటీసు ఎవరి ఫోన్‌కి వస్తుందో కనుక్కుని నీ నంబర్ కూడా ఇవ్వు.

అన్నట్టు, పిల్లాడి పేరు ఓటర్ లిస్టులో ఎక్కిందా? నువ్వు రాయలేదు. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ ఒకటో తారీఖుల్లో ఏదో ఒకదానికి పద్దెనిమిది నిండితే ఫామ్ 6 పెట్టొచ్చు, పంచాయతీ లిస్టు కూడా ఆ లిస్టు నుంచే తీస్తారు. అది పెట్టకుండానే ఇంట్లో నెల రోజులుగా మాటలు మానేసుకుని ఉంటే మాత్రం, ముందు బీఎల్ఓ (మీ బూత్ ఓటర్ లిస్టు చూసే ఆఫీసర్) దగ్గరికి పంపించు.